బండి జోరు

సూరత్‌లోని ఉన్‌లో ఉంటూ డీజిల్ కారును బాడుగకు నడుపుతున్నాను. "రీమ్యాప్ చేయించన్నా, బండి జోరందుకుంటుంది" అని తోటి తెలుగు డ్రైవర్లు అంటుంటారు.

రీమ్యాప్ అంటే ఏమిటి? ఇంజనుకు ఎంత డీజిల్, ఎప్పుడు అందాలో ఒక చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. దానిలోని లెక్కలను మార్చడమే రీమ్యాప్. టర్బో ఉన్న బండికి దీనివల్ల బలం బాగా పెరుగుతుంది. నిండు బండితో సాపుతారా ఘాటు ఎక్కడం సులువవుతుంది.

కాని ఆ బలం ఊరికే రాదు. వేడి పెరిగి క్లచ్, టర్బో త్వరగా పాడవచ్చు. పొగ హద్దు మీరవచ్చు. వారంటీ పోవచ్చు. ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకు చిక్కు రావచ్చు. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

నెలనెలా బ్యాంకు వాయిదా కట్టేది ఈ బండే. అది పదిరోజులు షెడ్డులో ఉంటే మా ఇల్లు గడవదు. అందుకే నాకు ఉన్న జోరే చాలు.