అంతర్వేది సత్రములో ఒక రాత్రి

యాత్రకు బయలుదేరు స్త్రీలకు దైవదర్శనముకంటె ముందు కలుగు చింత రాత్రి బసను గూర్చినది. పురుషులకు అరుగు దొరికినను చాలును. తుండుగుడ్డ పఱచుకొని పండుకొందురు. పిల్లలను, ముసలివారిని వెంటబెట్టుకొని పోవు ఆడువారికి తలుపున్న గది కావలెను, చేరువను నీళ్లుండవలెను. అట్టి గది యొకటి మాకు దొరకినది. దొరకిన పిమ్మట అది చేజాఱునేమో యను భయమున మేము చేసిన యొక పనిని సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2023 సంవత్సరము మాఘమాసమున మేము అంతర్వేది తీర్థమునకు పోయితిమి. మేమనగా ఇద్దరు తోడికోడండ్రము, మా అత్తగారు, ముగ్గురు పిల్లలు. నరసాపురమువఱకు రైలులో వచ్చి, మాధవాయిపాలెము రేవున పంటు ఎక్కి వసిష్ఠ గోదావరిని దాటితిమి. ఈ రేవు సామాన్యమైనది కాదు. 17వ శతాబ్దమున ఇంగ్లీషువారు ఇచట వర్తకస్థానము నేర్పఱచుకొని, ఊరిపేరు నోరు తిరుగక మడపొల్లమనిరి. ఇచటి నేతబట్టకు ఆ పేరే నిలిచి దేశదేశములకు పోయినది. నేడు పంటుమీద మోటారుబండ్లు, కొబ్బరిగెలలు, పెండ్లివారు, పాలబిందెలు అన్నియు కలిసి దాటుచుండును.

అవతలిగట్టు సఖినేటిపల్లి. కోనసీమ యంతయు గోదావరి పాయల నడుమనున్న లంకయే గదా! అందును ఈ రాజోలు ప్రాంతమును వసిష్ఠ యొకవైపు, వైనతేయ యొకవైపు, సముద్ర మొకవైపు చుట్టుకొని మఱల ప్రత్యేకముగా నొక దీవిని చేసినవి. ఆ దీవి కొసను, నది కడలిలో కలియుచోట, నరసింహస్వామి వెలసియున్నాడు. ఇప్పటి యాలయమును 1823లో బెండమూర్లంక నివాసియగు కొపనాతి కృష్ణమ్మగారు పూర్తిచేయించిరి. ఆయన ఓడల వర్తకుడు. సముద్రములో పోయినవనుకొన్న ఓడలు స్వామి దయచే క్షేమముగా తిరిగివచ్చుటచే గుడి కట్టించిరని స్థలమువారు చెప్పుకొందురు.

మాఘశుద్ధ దశమిరాత్రి స్వామి కల్యాణము, మఱునాడు భీష్మైకాదశికి రథోత్సవము. ఆ రెండుదినములును ఊరిలో కాలు మోపుటకు చోటుండదు. మాకు తెలిసినవారి మాటపై ఊరివారు నడుపు చిన్న సత్రమునకు చేరితిమి. పెంకుటిల్లు, ఐదు గదులు, పొడవైన వసారా, పెరటిలో బావి, నాలుగు కొబ్బరిచెట్లు. సత్రమును కనిపెట్టియుండునామెకు ఏబదియేండ్లు దాటియుండును. ఆమె నందఱును అక్కయ్యగారనియే పిలుచుచుండిరి.

అక్కడ బాడుగ లేదు. వసారా స్తంభమునకు కట్టిన డబ్బీలో ఎవరికి తోచినది వారు వేయుదురు. ఎవరెంత వేసిరో చూచువారు లేరు. చుట్టుప్రక్కల గృహిణులు వంటకు బియ్యము తీయునప్పుడు పిడికెడు తీసి వేఱొక కుండలో వేయుదురు. నెల తిరుగునప్పటికి ఆ కుండలన్నియు సత్రమునకు చేరును. కొబ్బరితోట గలవారు కాయలు, పెరడుగలవారు కందయు బచ్చలియు పంపుదురు. బసచేసినవారికి నియమ మొకటియే: పోవునపుడు గది ఊడ్చి, కుండలో నీళ్లు నింపి పోవలెను. తమకు ముందు వచ్చినవారు తమకై నింపిపోయిరి గనుక తాము తరువాతివారికై నింపవలెను.

మధ్యాహ్నము వసారాలో పంక్తి వేసిరి. ముద్దపప్పు, కందబచ్చలికూర, కొబ్బరిపచ్చడి, మజ్జిగ. మా ప్రక్క నొక బడిపంతులమ్మ, ఆమెకావల చేపలమ్ముకొను ఇల్లాలు, పిమ్మట కూలిచేసికొను దంపతులు కూర్చుండిరి. పూర్వము సత్రము లనేకములు ఆయా కులములవారికై కట్టబడినవి. నేటికిని పుణ్యక్షేత్రములలో కులముల పేరిట సత్రములున్నవి. ఇచట నెవరును ఎవరిని అడుగలేదు. మా అత్తగారు పాతకాలపు మనిషి. విస్తరి ముందు కొంచెము సేపు చేయి ఆపి కూర్చుండి, తరువాత తల వంచుకొని భుజించిరి. మేము చూచియు చూడనట్లుంటిమి.

రాత్రి కల్యాణము చూచి, జనములో నలిగి, సత్రమునకు వచ్చునప్పటికి అర్ధరాత్రి దాటినది. పిల్లలు గోడవారగా పడి నిద్రపోయిరి. మేము నడుము వాల్చితిమో లేదో, తలుపు చప్పుడైనది. అక్కయ్యగారు నిలిచియుండెను. ఆమె వెనుక నొక ముసలామె, చంకలో పసిబిడ్డతో నొక చిన్నది. ఏదో లంకగ్రామమునుండి వచ్చినారట. మగవారు వసారాలో పండుకొందురట. ఈ యిద్దఱికిని బిడ్డకును మా గదిలో చోటియ్యగలమాయని యడిగెను.

గది చిన్నది, మేమాఱుగురము. మా తోడికోడలు ముఖము చూచితిమి, ఆమెయు మా ముఖము చూచెను. "పిల్లలు నిద్రపోతున్నారండీ, కాలు చాపుకోడానికే చోటు లేదు" అంటిమి. అది అబద్ధము కాదు, నిజమును కాదు. అక్కయ్యగారు మాఱుమాటాడక, "సరేనమ్మా, పడుకోండి" అని వెడలిపోయెను. మేము గడియ వేసికొంటిమి.

గడియ వేసితిమి గాని నిద్రపట్టలేదు. మాఘమాసపు మంచు, సముద్రపు గాలి. వసారాలో బిడ్డ యేడ్చుచుండెను. తల్లి ఊరుకోబెట్టుచుండెను, ఊరుకొన్నట్లే యుండి మఱల నేడ్చుచుండెను. కన్నులు మూసికొనియున్న మా అత్తగారు చీకటిలో లేచి కూర్చుండిరి.

"సీతమ్మగారి కథ మీకు తెలుసునా?" అని యడిగిరి.

తెలియకేమి! డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరపు జోగన్నగారి యిల్లాలై, 1909లో పరమపదించువఱకు ఆ యింటి పొయ్యి ఆఱనీయక వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన తల్లి. వేళ యనక, కులమనక పెట్టినదని కోనసీమలో పసివారును చెప్పుదురు. గన్నవరమువద్ద వైనతేయపై కాలువను దాటించు కొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనపథకమునకును ఆ పేరే పెట్టిరి. ఒకసారి ఆమె అంతర్వేది స్వామిని సేవింపవలెనని బయలుదేరి, త్రోవలో నొకచోట దిగినది. అటు పోవుచున్న పెండ్లివారు, ఆకలికి తాళలేని తమ పిల్లలతో, కొంచెము సేపు ఓర్చుకొన్నచో గన్నవరము సీతమ్మగారింట అన్నము తినవచ్చునని చెప్పుట ఆమె చెవిని పడినదట. వెంటనే బోయీలను వెనుకకు మఱలించి, వారికంటె ముందుగా ఇల్లుచేరి పొయ్యి వెలిగించినదట.

"ఆవిడ మనుషుల ఆకలి విని, ఈ స్వామి దర్శనమే మానుకుని వెనక్కి వెళ్లింది. మనం దర్శనం చేసుకొచ్చి తలుపు గడియ పెట్టుకున్నాం" అని మా అత్తగారు తామే లేచి తలుపు తీసిరి.

పిల్లలను దగ్గఱగా జరిపితిమి. మూటలు చూరునకు తగిలించితిమి. ముగ్గురికిని చోటు కుదిరినది. ఇంక నొకరు వచ్చినను కుదిరియుండును. మధ్యాహ్నము విస్తరిముందు చేయి ఆపిన మా అత్తగారే, ఎవరి బిడ్డయని యడుగక, ఆ పసివానిని తమ శాలువలో చుట్టి ఒడిలో పండుకొనబెట్టుకొనిరి. వాడు వేడి తగులగానే నిద్రపోయెను.

తెల్లవాఱి నీళ్లకు పోయినప్పుడు చూచితిమి: అక్కయ్యగారు వంటయింటి మూల గోనెపట్టాపై పండుకొనియుండెను. తన గది ముందురోజే ఎవరికో యిచ్చివేసినదట. మేము సిగ్గుపడి క్షమించుమని యడుగగా ఆమె నవ్వి, 1996 నవంబరు తుపాను రాత్రి తన యింటి కప్పు ఎగిరిపోయినదనియు, ఇద్దఱు పిల్లలతో ఎఱుగనివారి తలుపు తట్టినదనియు చెప్పెను. "మొదటి ఇంటివారు తియ్యలేదమ్మా, రెండో ఇంటివారు తీశారు. మొదటివారు చెడ్డవారు కారు, భయపడ్డారు, అంతే" అనెను. ఆ మాట మమ్ముద్దేశించి యన్నదో కాదో మాకు తెలియదు.

నాటి పగలు రథము కదలుట చూచితిమి. పాతరథము 2020 సెప్టెంబరులో కాలిపోగా, 2021లో చేయించిన కొత్తరథ మది. స్వామి రథమెక్కి, సోదరియైన గుర్రాలక్కకు చీరసారె పెట్టుట ఆచారము. లోకములేలు స్వామియు తోబుట్టువును మఱువడు గదా యని ఆడువారందఱును మురిసిపోవుచుండిరి. రాత్రివచ్చిన చిన్నది మా చేయి పట్టుకొని జనములోనుండి దారి చూపినది.

బయలుదేరునపుడు గది ఊడ్చితిమి. నీళ్లు తోడి కుండ నింపితిమి. డబ్బీలో మాకు తోచినది వేసితిమి. ఇంటికి వచ్చిన తరువాత మా అత్తగారు వంటయింట నొక చిన్నకుండ పెట్టించిరి. దినమునకు పిడికెడు బియ్యము అందులో పడుచున్నది. నెలకొకసారి మా ఊరి వృద్ధుల ఆశ్రమమునకు పంపుచున్నాము. మా వీధిలో మఱి నాలుగిండ్లవారును మొదలుపెట్టిరి. పిడికెడు బియ్యమునకు ఏ యిల్లును లోటుపడదు. సోదరీమణులు తామును చేసి చూడవచ్చును.

మేము గడియ వేసినదాదిగా మా అత్తగారు తీయువఱకు అరగంట పట్టియుండును. ఆ యరగంటయు బిడ్డ మంచులో నున్నాడు. కుండలో బియ్యము వేయునపుడెల్ల అది జ్ఞప్తికి వచ్చుచుండును.