"మాకట్టి పట్టింపులు లేవమ్మా"

మా వీరపునాయునిపల్లె ప్రాంతమున కులభేదములనుగూర్చి యే యింట ముచ్చటించినను మాకు వినవచ్చు మాట యొకటి కలదు: "మాకట్టి పట్టింపులు లేవమ్మా." ఈ మాట చెప్పువారు బొంకుచున్నారని మేమనము. వారు మనసార నట్లే నమ్ముచున్నారు. కాని యా మాట అంతటితో నాగదు. దాని వెంట "గాని" యను చిన్నపలుకు వచ్చును. శ్రద్ధగా వినవలసినది దాని తరువాతి మాటయే.

"నాకేమియు లేదు గాని, మా అత్తగారు ఒప్పుకొనరు" అని కోడలనును. అత్తగారి నడిగినచో, "నాదేమున్నది తల్లీ, ఊరివారేమందురో" అనును. ఊరివారిలో నొక్కొక్కరును మరియొకరిని చూపుదురు. ఇట్లు ఎవ్వరికిని లేని పట్టింపు ఊరంతటను నిలిచియున్నది!

"మా పనికత్తె మా యింటిమనిషే" యందురు మరికొందరు. అట్లయిన, శనగకోతకు వచ్చి మధ్యాహ్నమున పంచలో కూర్చున్న యింటిమనిషికి వేరు గ్లాసేల? పూర్వమది చూరులో చెక్కియుండెడిది. నేడు కొన్నియెడల, త్రాగి పారవేయు ప్లాస్టిక్ గ్లాసు దాని స్థానమునకు వచ్చినది. అడిగినచో శుభ్రత యందురు. తామును, తమ చుట్టములును మాత్రము స్టీలు గ్లాసులలోనే త్రాగుదురు. "మేము రమ్మన్నను వారే లోపలికి రారు" అనువారును కలరు. గడప దాటరాదని తరతరములుగా నేర్పినవారెవరో వారు చెప్పరు.

అస్పృశ్యతను రద్దుచేసిన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలునకు వచ్చినది. 1955లో దానిని నేరముగ శిక్షించు చట్టమును వచ్చినది. గుడి, బావి, హోటలు అందరివియు ననుటకు చట్టము చాలును. మన వంటింటి అలమరలోని గ్లాసులను సరిచేయుట మాత్రము మన చేతిపనియే.

మన జిల్లాలోని కందిమల్లాయపల్లెలో వెలసిన వీరబ్రహ్మముగారికి దూదేకుల సిద్దయ్యయు, మాదిగ కక్కయ్యయు శిష్యులని భక్తితో చెప్పుకొందుము. ఆ కథ విని కన్నీరు పెట్టినవారే, ఇంటికి వచ్చిన కక్కయ్య వంటివానిని పంచలో నిలుపుదురు. పరదేశమున మన బిడ్డను మేనిరంగు చూచి యెవరైన చిన్నచూపు చూచిన మనకు కడుపు మండును. న్యాయమే. అయితే 2023లో అమెరికాలోని సియాటిల్ నగరము కులవివక్షను నిషేధింపవలసివచ్చినది. మన పట్టింపు సముద్రమును దాటినది గదా!

అమ్మలారా, పిల్లలు మన మాటలకంటె మన చేతులను ముందు చూతురు. ఎవరికే గ్లాసు తీయుదుమో, ఎవరిని చాపపై కూర్చుండుమందుమో వారు గుర్తింతురు. పట్టింపు లేదని చెప్పుకొనుటచే నొరిగినదేమియు లేదు. నోట "గాని" యను పలుకు వచ్చినప్పుడు అక్కడ నాగి, మనమేమి చెప్పబోవుచుంటిమో మనమే విందము. పిదప లోపలి స్టీలు గ్లాసునే తెచ్చి, కోతకు వచ్చిన తల్లికి చేతికందింతము.