పుచ్చుకొను చేయి

పెరడు గల గృహస్థునకు శ్రావణ భాద్రపదములలో నొక చిక్కు వచ్చును. జ్యేష్ఠమున విత్తిన సొరపాదు పందిరిని గప్పి, నలుగురున్న కుటుంబమునకు పది కాయలు ఒక్కసారి చూపును. లేతగా కోయకున్నచో కాయ ముదిరి బుఱ్ఱయగును. అంతియగాక, కాయలో గింజ ముదురుకొలదిని తీగ తన బలమును దానికే వెచ్చించి క్రొత్త పిందెలను తగ్గించును; కోసినకొలదిని కాచును. కావున మిగిలినదానిని పొరుగింటికి బంపుట ధర్మమని మనము చెప్పుటకు ముందే, పాదు తన మేలుకొఱకు మనచేత నా పని చేయించుచున్నది. మునగయు నట్టిదే. కాపునకు వచ్చిన చెట్టు కాయలు ఒక్క యింటివారు తిని తీర్పగలవి కావు. కరివేపాకు సంగతి చెప్పనక్కఱయే లేదు.

ఇరుగు పొరుగులు కాయగూరలు పంచుకొనుటయు, వచ్చిన గిన్నెను వట్టిగా త్రిప్పి పంపకుండుటయు మన యిండ్లలో చిరకాలముగా నున్న యాచారములే. కాని వీనిని బొగడుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను. ఆ గిన్నెలు ఏ గోడలు దాటినవి? ఏ గోడకడ నిలిచిపోయినవి?

మన పూర్వులు పచ్చిదానికిని వండినదానికిని గొప్ప భేదము పెట్టిరి. బియ్యము, పప్పు, కూరలు చేర్చి యిచ్చు స్వయంపాకమును బ్రాహ్మణుడు ఇతర కులములవారియొద్ద గ్రహించెను. వారింట వండిన యన్నమును మాత్రము ముట్టకుండెను. కొన్ని గడపలనుండి పచ్చికాయయు రాలేదు. 1950 జనవరి 26వ తేదీని అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ యధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. అయినను చట్టము ఊరిబావివఱకు పోగలదు గాని వంటింటి కత్తిపీటవఱకు పోజాలదు.

మా వీధి నూడ్చు నామెకు మా పెరటి సొరకాయలు పోవుట చాల యేండ్లనుండి యున్నదే. ఒకనాడామె తానుగా రెండు గోంగూర కట్టలు తెచ్చి, "మేష్టారూ, మా దొడ్లోది. పులుపు బాగుంటాది. అమ్మగారికియ్యండి" అనెను. ఇంటి పెద్దలలో నొకరు లోపలినుండి, "మనమిచ్చేది చాలదా? వాళ్ళ దగ్గఱ మనకెందుకు?" అనిరి. నా భార్య బదులు చెప్పలేదు. కట్టలందుకొని, ఆ యరుగుమీదనే కూర్చుండి యాకు కోసి, పచ్చడి చేసి, ఒక గిన్నెడు ఆమెకును బంపినది. మఱునాడు గిన్నె వట్టిగా రాలేదు. అందులో గుప్పెడు పచ్చిమిరపకాయలుండెను. ఆ పెద్దలు ఆ పూట పచ్చడి వేసికొనలేదు. మూడవమాఱు గోంగూర వచ్చినపుడు వేసికొనిరి. ఏమియు ననలేదు.

ఫ్రెంచి పండితుడగు మార్సెల్ మాస్, 1925లో వెలువడిన తన వ్యాసమున, పలు సమాజముల కానుకల పద్ధతులను బరిశీలించి మూడు విధులను గుర్తించెను: ఇచ్చుట, పుచ్చుకొనుట, మరల నిచ్చుట. మనము మొదటిదానిని పుణ్యమని పొగడుదుము. నడిమిదానిని తక్కువతనముగా నెంచుదుము. ఇచ్చుటలో నించుక గర్వమునకు చోటు గలదు. ఎదుటివాడు ప్రేమతో దెచ్చినదానిని పుచ్చుకొననివాడో, "నీవు నాకు సాటివాడవు కావు" అని నోరు మెదపకయే చెప్పుచున్నాడు.

ఇప్పుడు పట్టణములలో మేడలపై కుండీలలో కూరలు పండించువారు కొందఱు, మిగిలినవానిని వాకిట బుట్టలో నుంచి, కావలసినవారిని తీసికొనుమనుచున్నారు. మంచిపనియే, కాయ కుళ్ళిపోదు. కాని బుట్టలో నెవరు వేసినది యెవరు తీసిరో తెలియదు. కాయ చేరినను మనిషికి మనిషి చేరడు. చేతినుండి చేతికి పోయినప్పుడే గదా పేరు, ఊరు, బిడ్డల చదువు, కాలినొప్పి తెలియుట!

కావున, చదువరులారా, మీ పాదు కాచినపుడు నాలుగిండ్లకు బంపుడు. అంతకంటె ముందు, మీరింతవఱకు నేమియు పుచ్చుకొనని యిల్లు మీ వీధిలో నేదియో యొకటి యుండును. ఆ గడపకు బోయి, ఒక కరివేపాకు రెమ్మ అడిగి తెచ్చుకొనుడు.