నర్సుల ఒప్పందంలో రోగి ప్రాణం

వైద్యుడు రోజుకు ఒకటి రెండుసార్లు వార్డుకు వచ్చి రోగిని చూసి వెళతాడు. తక్కిన సమయమంతా ఆ రోగిని కనిపెట్టుకొని ఉండేది నర్సు. వైద్యవృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన సంగతే ఇది. అయినా నర్సులు సమ్మె చేస్తున్నారన్న వార్త కనబడగానే మనలో చాలామంది జీతాల తగాదా అనుకొని పేజీ తిప్పేస్తారు. 2023 జనవరిలో న్యూయార్క్ నగరంలో జరిగిన సమ్మె ప్రధానంగా జీతాల తగాదా కాదు. అందుకే దానిని పాఠకుల దృష్టికి తేవాలనిపించింది.

అమెరికాలో అనేక పెద్ద ఆసుపత్రుల నర్సులు సంఘంగా ఏర్పడి, కొన్నేళ్లకొకసారి యాజమాన్యంతో లిఖితపూర్వకమైన ఒప్పందం చేసుకుంటారు. జీతం, పని గంటలు, ఆరోగ్య బీమా, పింఛనుతో పాటు, ఏ వార్డులో ఒక నర్సుకు ఎందరు రోగులుండాలన్నది కూడా చాలా ఒప్పందాలలో ఉంటుంది. గడువు తీరినా కొత్త ఒప్పందం కుదరకపోతే సమ్మెకు దిగవచ్చు. అయితే ఆసుపత్రిలో సమ్మెకు పది రోజుల ముందే నోటీసు ఇవ్వాలని 1974లో అక్కడి కార్మిక చట్టాన్ని సవరించారు. రోగులకు ప్రత్యామ్నాయం చూసుకోవడానికి ఆ వ్యవధి ఉపయోగపడుతుంది.

న్యూయార్క్‌లోని పలు ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల ఒప్పందాలు 2022 డిసెంబరు 31తో ముగిశాయి. కొన్ని ఆసుపత్రులలో సమ్మె లేకుండానే రాజీ కుదిరింది. మన్‌హట్టన్‌లోని మౌంట్ సైనాయ్, బ్రాంక్స్‌లోని మాంటెఫియోరె ఆసుపత్రులలో మాత్రం కుదరలేదు. జనవరి 9న ఏడు వేలమందికి పైగా నర్సులు విధులు మాని వీధిలోకి వచ్చారు. మూడేళ్లలో వరుసగా 7, 6, 5 శాతం, అంటే మొత్తం మీద 19.1 శాతం జీతం పెంచుతామని యాజమాన్యాలు అప్పటికే చెప్పి ఉన్నాయి. ప్రధానంగా తేలవలసింది సిబ్బంది సంఖ్య. మూడు రోజుల తరువాత, జనవరి 12న, సమ్మె ముగిసింది. రోగుల సంఖ్యను బట్టి ఎందరు నర్సులుండాలో ఒప్పందంలోకి ఎక్కింది. మాంటెఫియోరెలో 170కి పైగా కొత్త నర్సు ఉద్యోగాలకు అంగీకారం కుదిరింది.

ఈ సంఖ్యకు ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులను పరిశీలించి ఒక ప్రసిద్ధ అధ్యయనాన్ని ప్రచురించింది. శస్త్రచికిత్స జరిగిన రోగులలో, ఒక్కొక్క నర్సుకు ఒక రోగి అదనంగా చేరిన కొద్దీ, ముప్పై రోజులలోపు మరణించే అవకాశం సుమారు 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ఆ నర్సులు వృత్తిపరంగా అలసి సొలసిపోయే అవకాశం 23 శాతం చొప్పున పెరిగింది. ఇటువంటి అధ్యయనం కార్యకారణ సంబంధాన్ని పూర్తిగా నిరూపించదు. కాని వార్డులో పనిచేసిన ఎవరికీ ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులలో ఒక రాత్రి కడుపు ఆపరేషన్ అయిన రోగి దగ్గర నుండి సిస్టర్ నాకు కబురు పంపింది. బి.పి. ఇంకా పడిపోలేదు. "నాడి గంట క్రితం కంటే వేగంగా ఉంది డాక్టరుగారూ, మనిషి స్థిమితంగా లేడు, ఒకసారి చూడండి" అన్నది. లోపల రక్తస్రావం మొదలయింది. సమయానికి తిరిగి థియేటరుకు తీసుకువెళ్లగలిగాం, రోగి బతికాడు. ఆమె పట్టుకున్నది ఒక గంటలో వచ్చిన మార్పును. అంటే ఆ గంటలో ఆమె రెండుసార్లు ఆ మంచం దగ్గరకు వెళ్లగలిగింది. అదే రాత్రి ఆమె చేతిలో మరో ఇరవై మంచాలు అదనంగా ఉంటే, ఎంత నేర్పు ఉన్నా ఆ రెండవసారి వెళ్లడం సాధ్యమయ్యేది కాదు. ఆపరేషన్ తరువాత ఉపద్రవాలు ఏ ఆసుపత్రిలోనైనా వస్తాయి. వాటిని తొలి గంటలోనే గుర్తించగలగడంలోనే ఆసుపత్రుల మధ్య తేడా తెలుస్తుంది.

రెండవ పక్షాన్ని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. సమ్మె నిరపాయమైనది కాదు. న్యూయార్క్‌లో సమ్మెకు ముందు నవజాత శిశువులను ఇతర ఆసుపత్రులకు తరలించారు, వాయిదా వేయదగిన ఆపరేషన్లను వాయిదా వేశారు. 1984 నుండి 2004 వరకు ఆ రాష్ట్రంలో జరిగిన నర్సుల సమ్మెలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించగా, సమ్మె కాలంలో చేరిన రోగులలో ఆసుపత్రి మరణాలు సుమారు 18 శాతం ఎక్కువగా తేలాయి. యాజమాన్యాలు ఈ లెక్కను సమ్మెకు వ్యతిరేకంగా చూపవచ్చు. నాకు మాత్రం అందులో నర్సు విలువ కూడా కనిపిస్తుంది. సమ్మె జరిగిన మూడు రోజుల లోటు పత్రికలకు ఎక్కుతుంది. ఏడాది పొడవునా సాగే కొరత వలన పోయే ప్రాణం కేస్ షీటులో గుండె ఆగినట్లుగానో, ఇన్‌ఫెక్షన్‌గానో నమోదవుతుంది. నర్సు చాలలేదని ఎవరూ రాయరు. అందుకే ఇరుపక్షాలూ గడువులోపే బల్ల దగ్గర కూర్చొని ఆ సంఖ్యను తేల్చుకోవడం రోగికి అన్నిటికంటె మేలు.

సంఖ్యను కాగితం మీద రాసినంత మాత్రాన చాలదు. కాలిఫోర్నియాలో 1999లో చేసిన చట్టం 2004 నుండి అమలులోకి వచ్చింది. ఐసీయూలో ఇద్దరు రోగులకు, సాధారణ వార్డులో ఐదుగురికి తక్కువ కాకుండా ఒక నర్సు ఉండాలి. న్యూయార్క్ ఒప్పందంలో మధ్యవర్తికి అధికారం ఇచ్చారు. నియమం తప్పితే యాజమాన్యం డబ్బు చెల్లించాలి. అదే ఏడాది మౌంట్ సైనాయ్ శిశు ఐసీయూలో సిబ్బంది కొరత ఉన్నదని తేలి, అక్కడి నర్సులకు లక్ష డాలర్లకు పైగా చెల్లించవలసిందిగా మధ్యవర్తి తీర్పునిచ్చాడు.

మన దేశంలోనూ ప్రమాణం లేకపోలేదు. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి సూచన. మన వార్డులలో తిరిగినవారెవరికైనా ఆ సూచనకూ వాస్తవానికీ ఉన్న దూరం తెలుసు. దానిని నిలదీసే సంఘబలం మన నర్సులలో చాలామందికి లేదు.

అందువలన పాఠకులకు నా మనవి ఇది. ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అవసరమైతే, సర్జన్ పేరు, గది అద్దె అడిగినట్లే ఇంకొక ప్రశ్న అడగండి: "రాత్రి డ్యూటీలో ఈ వార్డులో ఒక సిస్టర్‌కు ఎందరు రోగులు?" ఆ ప్రశ్న పదిమంది అడిగితే యాజమాన్యం జవాబు సిద్ధం చేసుకోక తప్పదు. పిలిచిన వెంటనే రాలేదని సిస్టర్‌ను కసిరే ముందు, ఆమె ఆ క్షణంలో ఎన్ని మంచాల మధ్య నలుగుతున్నదో ఒకసారి లెక్కపెట్టండి. రేపు మీ ఊరిలో నర్సులు సిబ్బంది పెంచమని కోరితే, ఆ కోరికలో మీ ఇంటి రోగి క్షేమం కూడా ఉన్నదని గుర్తించండి.