సిల్చార్ పదకొండు మంది

ఫిబ్రవరి 21 అనగానే ఢాకా గుర్తొస్తుంది. 1952లో బెంగాలీ కోసం ప్రాణాలిచ్చినవాళ్ల రోజునే 1999లో యునెస్కో అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించింది. మరి మే 19? అది మన దేశంలోనే జరిగింది, అయినా మనలో చాలామందికి తెలియదు.

1960లో అస్సామీని రాష్ట్ర అధికార భాషగా చేస్తూ అస్సాంలో చట్టం వచ్చింది. అదే రాష్ట్రంలోని బరాక్ లోయలో మాత్రం ఎక్కువమంది మాట్లాడేది బెంగాలీ. తమ భాషకూ చోటు కావాలని అడుగుతూ అక్కడివాళ్లు 1961 మే 19న ఆ లోయలోని సిల్చార్ రైల్వే స్టేషన్‌లో సత్యాగ్రహానికి దిగారు. మధ్యాహ్నం కాల్పులు జరిగాయి. మొత్తం పదకొండు మంది పోయారు.

వాళ్లలో కమలా భట్టాచార్యకు పదహారేళ్లు. దేశ విభజన తర్వాత సిల్హెట్ వదిలి వచ్చిన కుటుంబం. అప్పుడే మెట్రిక్ పరీక్షలు రాసింది. బాష్పవాయువు వదిలితే అడ్డం పెట్టుకోమని వాళ్లమ్మ ఒక గుడ్డముక్క చేతిలో పెట్టి పంపిందట. పాపం, ఆ తల్లి ఊహించిన ప్రమాదం అంతవరకే. బిడ్డకు తూటా కంట్లోనే తగిలింది. ఇది చదివినప్పటి నుంచి ఆ గుడ్డముక్క నా కళ్లముందు నుంచి కదలడం లేదు.

ఆ తర్వాత బరాక్ లోయలో బెంగాలీకి అధికార హోదా దక్కింది. అస్సామీల భాషాభిమానాన్ని నేను తప్పుపట్టను. ఎదుటివాడి అమ్మభాష మీద తుపాకీ ఎత్తడం మాత్రం ఎప్పటికీ తప్పే.

పొట్టి శ్రీరాములు గారిని కన్న జాతి మనది. ఈ ఫిబ్రవరి 21న పిల్లలకు ఢాకా గురించి చెప్పేటప్పుడు సిల్చార్ గురించీ చెప్పండి. కమల పేరు కూడా చెప్పండి.