9 మిల్లీమీటర్ల ఎలిమెంట్లు

మాది కూచిపూడి. ఊరి పేరు చెప్పగానే బయటివాళ్లు నాట్యం గురించి అడుగుతారు. నా షెడ్డుకొచ్చేవాళ్లు మాత్రం ట్రాక్టరు పొగ గురించే అడుగుతారు. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే రోడ్డు పక్కన డీజిలు పంపులు, నాజిళ్లు బాగుచేసి బతుకుతున్నాను. మా అక్కను బందరు ఇచ్చాం. బావకు గిలకలదిండి హార్బరులో మరబోటు ఉంది. దాని ఇంజను మంచిచెడ్డలు చాలాకాలం నేనే చూశాను.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. బోట్ల రిపేర్లన్నీ అప్పుడే జరుగుతాయి. ఒక ఏడు నిషేధంలో బావ నాకు చెప్పకుండా పంపు పని వేరే షాపులో చేయించాడు. అప్పుచేసి పెద్ద వల కొన్నాడు. ఉన్న వంద హార్సుపవరుతో అది లాగదు, నూటముప్పై కావాలన్నాడట. వాళ్లు సరేనన్నారు. పంపులో డీజిలును నెట్టే 8 మిల్లీమీటర్ల ఎలిమెంట్లు తీసేసి 9 మిల్లీమీటర్లవి వేశారు. నాజిళ్లు కూడా పెద్ద రంధ్రాలవి బిగించారు. వేట మొదలయ్యాక ఆ బోటు వదిలే పొగ హార్బరంతా చూసింది.

"బావా, ఆ పొగేంటి?" అన్నాను.

"పవరొచ్చిందిరా! పొగ రాదా మరి?"

కూర్చోబెట్టి లెక్క చెప్పాను. అది లారీ ఇంజనే, బోటుకు మార్చింది. ఆరు సిలిండర్లు, ఆరు లీటర్లు, టర్బో లేదు. అలాంటి ఇంజను ఒక హార్సుపవరుకు గంటకు 170 గ్రాముల డీజిలు తాగుతుంది. వందకు 17 కిలోలు, అంటే ఇరవై లీటర్ల పైచిలుకు. 1800 చుట్ల మీద తిరిగితే ఒక్కో సిలిండరులో నిమిషానికి 900 సార్లు డీజిలు పడుతుంది. మొత్తం గంటకు మూడు లక్షల పాతికవేల సార్లు. పంచితే ఒక్కోసారి పడేది 63 ఘనపు మిల్లీమీటర్లు. టెస్ట్ బెంచ్ మీద వెయ్యి స్ట్రోకులకు 63 మిల్లీలీటర్లు రావాలన్నమాట. ఎలిమెంటు సైజు ఎనిమిది నుంచి తొమ్మిదికి మారితే పెరిగింది ఒక్క మిల్లీమీటరే అనిపిస్తుంది, కానీ వైశాల్యం 64 నుంచి 81కి పెరిగినట్టు. డీజిలు కొలత మార్చే ర్యాక్‌ను కదపకపోయినా 63 కాస్తా 80 అవుతుంది. బావ అడిగిన నూటముప్పైకి కావాల్సింది దాదాపు అంతే. షాపువాళ్ల లెక్క తప్పని నేననను.

వాళ్లు లెక్కపెట్టనిది గాలి. ఆ ఇంజను గంటకు పీల్చేది సుమారు 320 కిలోల గాలి. పంపు ఎంత పెంచినా అది పెరగదు. కిలో డీజిలు పూర్తిగా కాలడానికి పుస్తకం లెక్కలో పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. సిలిండరులో డీజిలు, గాలి కలవడానికి రెప్పపాటు కూడా దొరకదు కాబట్టి నిజానికి పద్దెనిమిదికి తగ్గగానే పొగ మొదలవుతుంది. 17 కిలోలు తాగినప్పుడు మన ఇంజను దాదాపు ఆ గట్టు మీద ఉంది. 22 పోస్తే గట్టు దాటినట్టే. మిగిలిన డీజిలు ఆలస్యంగా కాలుతూ పిస్టన్‌నూ సైలెన్సరునూ కాలుస్తుంది. కాలనిది లైనరు గోడ మీది ఆయిలును కడిగేస్తుంది. పైగా ఫీడ్ పంపు, ఫిల్టర్లు, పైపులు పాతవే.

బావ అంతా విని, "నువ్వే ఒకసారి వచ్చి చూడు, వల ఎలా లాగుతుందో," అన్నాడు. అలా ఎక్కాను ఆ బోటు.

అప్పట్లో గిలకలదిండి మొగ పూడిపోయి ఉండేది. పోటు మీదే బయటికెళ్లాలి, పోటు మీదే లోపలికి రావాలి. కార్తీకమాసం, ఈశాన్యపు గాలి. చీకటి పడ్డాక వల దించి లాగడం మొదలెట్టారు. లాగిన మాట నిజం. బావ నా వైపు గర్వంగా చూశాడు. నేను సైలెన్సరు గొట్టం వైపు చూస్తున్నాను. మానిఫోల్డు దగ్గర అది ఎర్రగా మెరుస్తోంది. కాసేపటికి ఇంజను ఎగిసి పడసాగింది. పంపు అడిగినంత డీజిలు పాత ఫీడ్ పంపు అందించలేకపోతోంది. డ్రైవరు రేసు పెంచాడు. తర్వాత లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం, బ్రీదర్ నుంచి ఆయిలు, తెల్లటి పొగ. ఇంజను ఆగిపోయింది.

వించి తిరిగేది ఇంజనుతోనే. అది ఆగితే వల పైకి రాదు. అడుగున వల, వెనక నుంచి అలలు. బోటు తోక కట్టేసినట్టయి, ప్రతి అలా వెనక డెక్కు మీదికి ఎక్కుతోంది. వల వదిలేయాలన్నాడు డ్రైవరు. బావ ఒప్పుకోలేదు. ఆ వల కోసమే కదా ఇదంతా. ఇంజను రూములోకి నీళ్లు దిగడం మొదలయ్యాక ఆయనే లేచి వైరు తాళ్ల చివర డబ్బాలు కట్టి వదిలేశాడు. జీపీఎస్‌లో గుర్తు పెట్టుకున్నారు. తర్వాత ఎన్నిసార్లు వెతికినా అది దొరకలేదు.

ఆ కాలంలో ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి లాగుతుంది. మేం దివిసీమ వైపు కొట్టుకుపోతున్నాం. లంగరు నిలవలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. స్టార్టు చేసీ చేసీ బ్యాటరీ పడిపోవడంతో వైర్‌లెస్ సెట్టు కూడా మూగబోయింది. డ్రైవరుది దివిసీమే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి వాళ్లింట్లో మిగిలింది ఎవరో, ఎవరు మిగల్లేదో చెప్పుకొచ్చాడు. ఎందుకు చెబుతున్నాడని ఎవరూ అడగలేదు. కుర్ర కళాసీ ఒకడు ఏడుస్తున్నాడు.

ఇంజను కొంచెం చల్లారాక బ్యాటరీలో మిగిలిన కాస్త చార్జితో మళ్లీ అంటుకుంది. ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేస్తూ పోయాను. మూడో దాన్ని వదులు చేయగానే లోపలి దెబ్బ మెత్తబడింది. పోయింది ఆ సిలిండరే. ఆపితే మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు, ఆపకుండా ఇంజక్టరు ఊడదీయడం కుదరదు. ఆపమన్నాను. మూడో ఇంజక్టరు బయటికి లాగేశాను. ఇక ఆ పిస్టన్ ఒట్టి గాలి ఊదుకుంటుంది. దాని పైపును ఒక క్యానులోకి వంచాను. అప్పుడే ముంజేయి మానిఫోల్డుకు అంటుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చేయి కాలిన సంగతి వాసన వచ్చేదాకా తెలియలేదు.

బోటు దీపాలన్నీ ఆర్పేసి, ఉన్న కరెంటంతా స్టార్టరుకే ఇచ్చాం. గొణుగుతూ, ఆగుతూ, చివరికి ఐదు సిలిండర్ల మీద అంటుకుంది. పంపు వెనక, డీజిలు ఎక్కువలో ఎక్కువ ఎంత పోవాలో ఆపే ఫుల్ లోడ్ స్క్రూ సీలు తెంపి, పొగ పలచబడేదాకా స్క్రూ వెనక్కి తిప్పాను. బెంచ్ లేదు, గేజీ లేదు. టార్చి వేసి పొగ రంగు చెప్పడానికి పైన బావ, స్క్రూడ్రైవరు పట్టుకుని కింద నేను. "ఇంకా నలుపే... ఇంకా... ఆఁ, చాలు!" అని ఆయన అరిచిన అరుపులు నాకు ఇంకా వినబడతాయి.

ఇంజక్టరు తీసిన రంధ్రంలోంచి ఆయిలు చిమ్ముతూనే ఉంది. గోనెసంచి అడ్డంపెట్టాం. క్యాన్లలోని ఆయిలు అయిపోయాక, ఇంజను కింద పడినదాన్నే ఎత్తి, నీళ్లు తేరనిచ్చి, లుంగీ గుడ్డలో వడగట్టి మళ్లీ పోశాం. ఏ మెకానిక్కూ చేయకూడని పని అది. ఆ రాత్రి అదే మమ్మల్ని నడిపింది. డీజిలు ఆవిరికి నేను వాంతులు చేసుకుంటూనే ఉన్నాను. కళాసీలు వంతులవారీగా నీళ్లు తోడారు.

తెల్లారేసరికి పడమట సన్నగా మడచెట్ల గీత కనిపించింది. నాగాయలంక వైపని డ్రైవరు గుర్తుపట్టాడు. అక్కడ నదీముఖం ఇసుక మేటల్లో చిక్కితే బోటు పగిలిపోతుంది. కాబట్టి ఒడ్డు కనబడుతున్నా దానికి దూరంగా, ప్రవాహానికి ఎదురు, నడకంత వేగంతో ఉత్తరానికి తిప్పాం. హంసలదీవి దాటడానికే ఎండ నెత్తికెక్కింది. ఆ తర్వాత మా హార్బరు బోటే ఒకటి చూసి తాడు విసిరింది. మొగ దగ్గర పోటు కోసం మళ్లీ పడిగాపులు.

హెడ్ విప్పితే మూడో పిస్టన్ అంచు కరిగి ఉంది, నాజిల్ చిమ్మే వైపే. రింగులు ముక్కలు, లైనరు గీతలు. మిగతావాటిలో రెండు నాజిళ్లు చినుకులు కారుస్తున్నాయి. షాపువాళ్లు డ్రైవరు రేసు మీద తోసేశారు. బావ వాళ్లతో గొడవపడి, అలిసిపోయి వచ్చేశాడు.

కొత్త పిస్టన్లు వేశాక పంపులో మళ్లీ 8 మిల్లీమీటర్ల ఎలిమెంట్లు, కంపెనీ నంబరు నాజిళ్లు వేసి, బెంచ్ మీద 63 దగ్గర నిలిపాను. నూటముప్పై కావాలంటే టర్బో ఉన్న ఇంజనే కొనాలనీ, దాని పంపు, నాజిళ్లు, పిస్టన్లు అన్నీ ఒకదానికొకటి కుదిర్చినవై ఉంటాయనీ, గేరుబాక్సు, నీళ్లలో బోటును నెట్టే ఫ్యాను కూడా మార్చాలనీ చెప్పాను. ఫ్యాను సంగతి బావకు కొత్త. అదే ఫ్యానుతో పవరు ముప్పై శాతం పెంచినా చుట్లు తొమ్మిది శాతమే పెరుగుతాయంటే నమ్మలేదు, కాగితం మీద వేసి చూపించాల్సి వచ్చింది. ధర కనుక్కొచ్చి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పాత చిన్న వల బాగుచేయించుకున్నాడు.

పంపు బిగించాక ఫుల్ లోడ్ స్క్రూకు తీగ చుట్టి, సీసం సీలు వేసి, నా ముద్ర నొక్కాను.

"నా మీద నమ్మకం లేదట్రా?" అన్నాడు.

"లేదు బావా," అన్నాను.