తప్పెటకు చోటు

సంచికకు ఏదైనా రాయమంటే నాకు బాగా వచ్చిన పని గురించే రాస్తున్నాను. అది పెట్టె సర్దడం. ఒక్క రేకుపెట్టెలో ఏడాది సంసారం ఇరికించే విద్య మనకు ఒకరు నేర్పాలా!

ఎమ్మిగనూరులోని మా సంఘం నుంచి ఆరుగురు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు సువార్త యాత్ర పోవాలని తీర్మానం అయినప్పుడు, సామాన్లు కట్టే బాధ్యత నా మీద పడింది. అక్కడ మన తెలుగువాళ్ళున్నారు. 1860 నుంచి 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులను చెరకు తోటల కూలికని నాటాల్‌కు ఓడల్లో తీసుకుపోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళకోసం 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత చందాలతో జాన్ రంగయ్య గారిని పంపారు. దొరలు మన దేశానికి రావడమే గాని మనవాళ్ళు పోవడం కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మనిషికి 23 కిలోలే. బహుమతులంటే మాకు ఎమ్మిగనూరు తువ్వాళ్ళు, దుప్పట్లే. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సొసైటీ పేరు చెప్పుకుని బతికిన ఊరు కదా! హార్మోనియం చుట్టూ కుక్కడానికి ఆదోని దూది తెద్దామన్నారు ఒకరు. గింజలు, ముడి పత్తి కనిపిస్తే విమానాశ్రయంలో పేచీ వస్తుందని ట్రావెల్స్ అబ్బాయి వద్దన్నాడు. అప్పుడు తువ్వాళ్ళనే మెత్తగా చుట్టినాము. హార్మోనియం తిత్తి మూసి, కొక్కెం వేసి, మెట్ల మీద మడత దుప్పటి పెట్టినాము. డోలక్ తాళ్ళు వదులు చేసినాము, చలికి తోలు బిగుసుకుంటే పగులుతుందని. తాళాలు విడివిడిగా చుట్టినాము.

ఇంతలో మా చిన్నాయన తన తప్పెట, సిర్ర, పుల్ల పట్టుకొచ్చి పెట్టె పక్కన పెట్టినాడు. కోస్తావాళ్ళు డప్పు అంటారే, అదే.

సంఘ పెద్ద ఒకాయన ముఖం మార్చుకున్నాడు. "సావులకు, జాతరలకు కొట్టేది. దేవుని పనికి ఎట్ల తీసుకుపోతారు?" అన్నాడు. బరువు కూడా ఎక్కువైతుందన్నాడు. ఆ తప్పెట రెండు కిలోలు కూడా ఉండదు. చిన్నాయన ఏమీ మాట్లాడలేదు. ఆ చప్పుడుతోనే ఆయన నన్ను, నా చెల్లెల్ని చదివించినాడు. హాస్టల్‌కు నన్ను చూడవస్తే తప్పెట బయట చింతచెట్టు కింద పెట్టి లోపలికి వచ్చేవాడు. ఎందుకో అడిగే వయసు కాదు నాది. ఇప్పుడు మళ్ళీ బయటే పెట్టమంటున్నారు.

నేను నోరు తెరిచేలోపలే పాస్టరమ్మ అందుకుంది. "అయ్యా, ఈ హార్మోనియం మన ఊర్లో పుట్టిందా? ఐరోపా నుంచి వచ్చింది. ఇంకోటి, 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియోలో దాన్ని వాయించనియ్యలేదు, మన సంగీతానికి పనికిరాదని. చర్చిలో పనికొచ్చె కదా. 1878లో ఒంగోలు వైపు ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకుంటే వాళ్ళలో ఎక్కువమంది ఎవరు? ఈ తప్పెట కొట్టే ఇండ్లవాళ్ళే గదా!" అంది. పెద్దాయన నేల చూసినాడు. ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. నేను నా బట్టల్లో రెండు జతలు తీసేసి తప్పెటను హార్మోనియం వెనక నిలబెట్టినాను. తోలు సామాను కాబట్టి దిగినచోట చెప్పాలని చీటీ మీద రాసి అంటించినాను.

ఆదోనిలో రైలెక్కి బొంబాయి, అక్కడినుంచి విమానం. డర్బన్‌లో అధికారి తప్పెటను తిప్పి చూసి, వేలితో రెండు దెబ్బలు వేసి ఇచ్చేసినాడు.

ఆదివారం పాటలకు ముందు తప్పెట తడిసిన అట్టలాగా మూగపోయింది. సముద్రపు గాలి కదా. సెగ చూపితేగాని పలకదు. హాల్లో మంట పెట్టకూడదట. మా అట్టపెట్టెను చించి, కార్లు నిలిపే చోట కాల్చి, చిన్నాయన తప్పెటను కాపినాడు. చుట్టూ చేరిన ముసలివాళ్ళలో ఒకామె, తెలుగు రెండు మాటలకన్నా రాదు పాపం, సిర్ర అడిగి తీసుకుని దరువు వేసింది. వాళ్ళ తాత దగ్గర చూసిందట.

తప్పెట ఆమెకే ఇచ్చి వచ్చినాము. పెట్టె ఎట్లాగూ కాలిపోయింది. వచ్చేటప్పుడు నా సామాను రెండు ఎమ్మిగనూరు తువ్వాళ్ళలో మూట కట్టుకుని వచ్చినాను.